చెక్కుబందీ

ముప్పై ఒక్క ఏళ్ళు
రిజిస్ట్రారు ఆఫీసు మెట్ల పక్కన
రేకు పెట్టె మీద కాగితం పరిచి
ఊళ్ళోవాళ్ళ స్థలాలకి హద్దులు రాశాను.
పోయిన మంగళవారం తొలిసారి
మా సందు చెత్తకి రాశాను.

తూర్పు: షట్టరు దించేసిన టైర్ల కొట్టు.
దక్షిణం: కార్పొరేషను వారి మురుగుకాలవ.
పడమర: షేక్ మస్తాన్‌బీ ప్రహరీ.
ఉత్తరం: ట్రాన్స్‌ఫార్మరు.
ఈ మధ్యన గల సుమారు మూడున్నర గజాలు,
వాన పడితే ఐదు.

పాతగుంటూరులో చెత్త కూడా ఘాటే.
రాత్రంతా మిరపకాయలకి తొడిమలు తీసిన ఇంటినుంచి
తెల్లారేసరికి గోతాం ఒకటి వచ్చి కూర్చుంటుంది.
గాలి తిరిగితే
సందు సందంతా ఒకేసారి తుమ్ముతుంది.
మేం ఏకాభిప్రాయానికి వచ్చేది అప్పుడే.

బండి రాదని కాదు. వస్తుంది.
పదకొండింటికి, పాట పెట్టుకుని,
సందు మొగలోనే ఆగుతుంది,
లోపలికొస్తే అద్దాలు గీసుకుంటాయని.
అప్పటికి యార్డుకి పోయేవాళ్ళు యార్డుకి,
కొట్టుకి పోయేవాళ్ళు కొట్టుకి.
తలుపు తాళాలు బకెట్లు మోసుకెళ్ళవు కదా.

సచివాలయంలో పిల్లాడు, మంచివాడే,
"ఇంటిపన్ను నంబరున్నవాళ్ళే పెట్టాలి తాతగారూ,
సగం దాటితేనే పైకి పంపిస్తాం" అన్నాడు.
నలభై మూడు గడపలు. ఇరవై రెండు సంతకాలు.

దరియావలి చదవకుండానే పెట్టాడు.
పేరేచర్ల వారి కోడలు రెండుసార్లు చదివి
నా ఒత్తులో తప్పు పట్టి మరీ పెట్టింది.
మేడమీది బ్రహ్మానందం గారు
"కార్పొరేటరుతో మాట పోతుందండీ" అని
టీ ఇచ్చి పంపించారు.
టీ బాగుంది.

గోతాం తాలూకు అద్దె ఇంటి మల్లేశ్వరి
మిరప ఎరుపు వదలని బొటనవేలు చూపించి
"సిరా కూడా అక్కర్లేదు, వెయ్యమంటారా?" అంది.
ఆమెకి పన్ను నంబరు లేదు.
తుమ్ము ఉంది.

ఆఖరికి సలోమి.
బండి వెనక నిలబడి తడీ పొడీ వేరుచేసే మనిషి.
చదివి వినిపించాను:
"మునుపటివలె తోపుడుబండిని
సందు లోపలికి పంపించవలెనని ప్రార్థన."
గ్లౌజు విప్పింది. ఒక చేతికే ఉంది.
"తోపుడుబండంటే మళ్ళీ నా నడుమేగా, పెద్దాయనా.
కాలవ కాణ్ణించి మీ ఇంటిదాకా ఎంత ఎత్తో
మీకు తెలీదులే.
మీరెప్పుడూ ఉత్త చేతుల్తో నడిచారు."

ఎన్ని వేల దస్తావేజులో.
పొడుగు రాశాను, వెడల్పు రాశాను,
బావిలో వాటా, గోడలో సగం రాశాను.
ఎత్తు ఒక్కసారీ రాయలేదు.

తోపుడుబండి కొట్టేశాను.
"చిన్న బ్యాటరీ ఆటోని, ఉదయం ఆరున్నరకి" అని
పైన ఇరికించి, పక్కన పొట్టి సంతకం చేశాను.
అడుగున, అలవాటు చొప్పున,
కొట్టివేత ఒకటి, చేర్పు ఒకటి అని లెక్క వేశాను.

ఇంకా నాలుగు వేళ్ళ జాగా మిగిలింది.
జాగా వదిలితే ఎవరో ఒకరు ఏదో ఒకటి రాసుకుంటారు,
మా వృత్తిలో మొదటి పాఠం అది.
సాక్షులు, అని రాశాను.
అర్జీకి సాక్షులేంటని పిల్లాడు అడిగితే
అప్పుడు చెప్పుకుందాం.
ఒకటి: మల్లేశ్వరి వేలిముద్ర, ఎర్రగా.
రెండు: సలోమి,
కూడబలుక్కుంటూ, ఇంటిపేరుతో సహా,
గీత దాటి అంచు దాకా.

షరా:
ఇరవై రెండో సంతకం బ్రహ్మానందం గారి భార్యది.
చీకటిపడ్డాక మెట్లు దిగి వచ్చి పెట్టి వెళ్ళింది.
ఇల్లు ఆవిడ పేరనే ఉందట.
ఆ దస్తావేజు రాసింది నేనే,
మర్చిపోయాను.

షరా రెండు:
రసీదు జేబులో ఉంది.
బండి ఇవాళ కూడా పదకొండుకే వచ్చింది.